‘ఉజ్’ అన్న పిల్లాడి తరఫున: ఉత్తర ఇంగ్లండులోని తెలుగు అమ్మానాన్నలకు బహిరంగ లేఖ

అమ్మలకూ నాన్నలకూ నమస్కారం.

ఉగాదికి మనం చాలామందిమి ఒక హాల్లో కలిశాం. పచ్చడి గిన్నె దగ్గర ఏడేళ్ల బాబు ఒకడు వాళ్ల నాన్న చొక్కా పట్టుకుని "గివ్ ఉజ్ సమ్ మోర్, డాడ్" అన్నాడు. ‘అస్’ అనే మాటని ఇక్కడి పిల్లలు అలాగే, ‘ఉజ్’ అని పలుకుతారు. ఆయన వంగి, అందరికీ వినపడేలా అడిగారు: "అస్ ఏంటి? నువ్వొక్కడివేగా, ఎంతమంది కోసం అడుగుతున్నావ్? గివ్ మీ అనడం రాదా?" చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "ఆ కౌన్సిల్ ఇళ్ల పిల్లలతో తిరిగితే ఇంతేనండీ, స్కూలు మార్చేయండి" అని ఇంకొకరు సలహా ఇచ్చారు. కౌన్సిల్ ఇళ్లంటే ఊరి పాలకసంస్థ తక్కువ అద్దెకిచ్చే ఇళ్లు. పిల్లాడు చేతిలో ఖాళీ కప్పుతో అలాగే నిలబడిపోయాడు. తర్వాత సాయంత్రమంతా వాడు నోరు తెరిచి మాట్లాడగా నేను వినలేదు.

ఆ రోజు నేనూ మాట్లాడలేదు. పండగపూట గొడవెందుకని ఊరుకున్నాను. ఊరుకున్నందుకు అప్పట్నుంచీ లోపల తొలుస్తూనే ఉంది. అందుకే ఈ లేఖ. ఆ తండ్రి ఒక్కడికే కాదు, లీడ్స్ నుంచి న్యూకాసిల్ దాకా ఈ ఉత్తరాది ఊళ్లలో పిల్లల్ని పెంచుతున్న మనందరికీ రాస్తున్నాను. ఇంగ్లీషు భాషలో సర్వనామాలకు ఎంత చరిత్ర ఉందో, అందులో ఎంత అంతస్తుల గొడవ ఉందో మనకెవరూ చెప్పలేదు. పరీక్షలు రాసి, వీసా తెచ్చుకుని వచ్చిన మనకు అది సిలబస్‌లో లేదు.

నాది గోదావరిఖని. నాయిన సింగరేణి బొగ్గుబాయిలో పని చేసేవాడు. ఇప్పుడు బార్న్‌స్లీకి దగ్గర్లో ఉంటాను, ముసలివాళ్ల వార్డులో నర్సుని. వచ్చిన కొత్తలో ఒక పెద్దాయన, ఇక్కడి బాయిల్లో బతుకంతా గడిపినాయన, నన్ను "దా" అనేవాడు. "దాజ్ ఆల్ రైట్, లాస్." "సిట్ దిసెన్ డౌన్." మొదట్లో ఆయన మాట సగం మింగేస్తున్నాడేమో అనుకున్నా. కొన్ని రోజులకు తెలిసింది, ‘దా’ అంటే ‘నువ్వు’ అనీ, ‘దిసెన్’ అంటే ‘నువ్వే, నీ అంతట నువ్వు’ అనీ, ‘లాస్’ అంటే ‘అమ్మాయి’ అనీ. పెద్ద డాక్టరు రౌండుకి వచ్చినప్పుడు అదే మనిషి ‘యూ’ అనేవాడు. ఆయన వెళ్లగానే నా వైపు తిరిగి మళ్లీ ‘దా’. ఆ తేడా పట్టుకున్న రోజు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంగ్లీషులో నువ్వు, మీరు లేవని బళ్లో చదువుకున్నాం కదా. ఉన్నాయి. బొగ్గుబావుల్లో, పొలాల్లో, ఉక్కు కార్ఖానాల్లో ఉన్నాయి. పాఠ్యపుస్తకాల్లోనే లేవు.

ఆ ‘దా’ పాత ‘దౌ’ అన్న మాటే. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ఒక మనిషికి ‘దౌ’, ఎక్కువమందికి ‘యే’. ‘యూ’ అనేది ‘యే’కి కర్మరూపం, అంటే ‘మిమ్మల్ని’ లాంటిది. 1066లో నార్మన్లు వచ్చి రాజ్యం చేశాక ఫ్రెంచి మర్యాదలు దిగాయి. పెద్దవాళ్లని బహువచనంతో పిలవడం మొదలైంది. పదమూడు, పద్నాలుగు శతాబ్దాలకల్లా దొరని ‘యూ’, పాలేరుని ‘దౌ’ అనే లెక్క కుదిరిపోయింది. మనకు ఇందులో ఏ మాటా విడమరిచి చెప్పక్కర్లేదు. "ఏకవచనంలోకి దిగాడు" అంటే గొడవ ముదిరిందని మనకు తెలుసు. 1603లో నావికుడు, కవి సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహం విచారణ జరిగినప్పుడు, ప్రభుత్వం తరఫున వాదించిన ఎడ్వర్డ్ కోక్ నిండు సభలో ఆయన మీద విసిరినది ఆ ఏకవచనమే. "నిన్ను నువ్వనే అంటున్నా, ద్రోహీ" అన్నట్టుగా ‘దౌ’ని ఏకంగా క్రియ చేసి మరీ కొట్టాడు.

దీన్ని ఎదిరించినవాళ్లూ ఉన్నారు. 1650లలో జార్జ్ ఫాక్స్ వెనక నడిచిన క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు, దేవుడి ముందు అందరూ సమానమే కాబట్టి రాజునైనా కూలివాణ్నైనా ‘దౌ’ అనే పిలుస్తామన్నారు. పెద్దల ముందు టోపీ తీయబోమన్నారు. దెబ్బలు తిన్నారు, జైళ్లకు పోయారు. థామస్ ఎల్‌వుడ్ అనే యువకుడు తండ్రిని ‘దౌ’ అన్నందుకు, ఇంకోసారి ఆ మాట వినిపిస్తే పళ్లు గొంతులోకి దిగ్గొడతానని ఆ తండ్రి బెదిరించాడు. ఒక సర్వనామం కోసం!

మరి ‘దౌ’ ఎందుకు పోయింది? పట్నాల్లో ఎదుటివాడి అంతస్తు తెలియదు. తక్కువ చేసి పిలిస్తే గొడవ, ఎక్కువ చేస్తే నష్టం లేదు. ఎందుకైనా మంచిదని అందరూ అందర్నీ ‘యూ’ అనడం మొదలుపెట్టారు. హైదరాబాదులో తెలియని మనిషి ఎదురైతే మనం ‘మీరు’ అనేది ఇందుకే కదా. పదిహేడో శతాబ్దం ముగిసేసరికి లండన్ పెద్దమనుషుల మాటలో ‘దౌ’ దాదాపు లేకుండా పోయింది. ప్రార్థనల్లో మిగిలింది. 1611లో అచ్చయిన బైబిల్లో దేవుణ్ని పిలిచేది ఆ మాటతోనే, అందుకే ఇప్పటివాళ్లు దాన్ని అతి గౌరవమైన పిలుపు అనుకుంటారు. అసలు సంగతి తలకిందులు. మనమూ దేవుణ్ని ‘నువ్వు’ అనే అంటాం, ‘మీరు’ అనం. దగ్గరివాడు కాబట్టి.

ప్రార్థనల్లో కాక అది ఎక్కువగా బతికిన చోటు యార్క్‌షైర్, లాంకషైర్ పల్లెలు, బాయి ఊళ్లు. ఇక్కడి మోటు సామెత ఒకటుంది: "నన్ను ‘దా’ అనకు, నిన్ను నువ్వే ‘దా’ అనుకుని చూసుకో, ఎలా ఉంటుందో." చనువు లేనివాడు ఏకవచనం వాడితే ఊరుకోం అని. అంటే ఈ మాటకు లోపల ఎన్ని గదులున్నాయో చూడండి. స్నేహితుల మధ్య ప్రేమ, పిల్లల మీద చనువు, కొత్తవాడి నోట అవమానం. బార్న్‌స్లీ వాళ్లు షెఫీల్డ్ వాళ్లని ‘డీడాలు’ అంటారు, ‘దీ’ (నిన్ను), ‘దా’లని వాళ్లు ‘డీ’, ‘డా’ అని పలుకుతారని. ద కీ డ కీ మధ్య తేడా మీద రెండు ఊళ్ల పౌరుషం నడుస్తుంది. ఆ తేడా మన చెవికి పట్టినంత తేలిగ్గా ఇంకెవరికి పడుతుంది?

ఇక ఆ పిల్లాడి ‘ఉజ్’ దగ్గరికి వస్తాను. "ఎంతమంది కోసం అడుగుతున్నావ్" అన్న ప్రశ్నకు నా జవాబు మన ఇంట్లోనే ఉంది. మనం ‘మా ఇల్లు’ అంటాం, ‘మా నాన్న’ అంటాం, ‘మా ఆవిడ’ అంటాం. అనేది ఒక్కరమే. బహువచనం సంఖ్య చెప్పడానికి కాదు అక్కడ, నేను ఒంటరివాణ్ని కాదు, ఒక ఇంటివాణ్ని అని చెప్పడానికి. ఇక్కడి ఉత్తరాదివాళ్లూ అంతే. భార్యని ‘అవర్ లాస్’ అంటారు, తమ్ముణ్ని ‘అవర్ కిడ్’ అంటారు. ఇది ‘మా ఆవిడ’కి అచ్చుగుద్దిన మాట. ఇన్ని వేల మైళ్ల దూరంలో మన వాక్యమే ఇంకొకరి నోట వినిపిస్తుంటే మనకు కలగాల్సింది సంతోషం.

టీస్‌సైడ్ ప్రాంతంలో రెండు ప్రాథమిక పాఠశాలల్లో తొమ్మిది పదేళ్ల పిల్లల మాటలు దగ్గరుండి విన్న భాషాశాస్త్రవేత్త జూలియా స్నెల్ గమనించింది ఇలాంటిదే. పిల్లలు ‘మీ’ రాక ‘అస్’ అనడం లేదు. రెండూ వాళ్లకు తెలుసు. ఏదైనా అడిగేటప్పుడు, నువ్వూ నేనూ ఒక జట్టే అని గుర్తుచేయాల్సిన చోట ‘అస్’ వస్తోంది. మన పిల్లలు "కాస్త పెట్టవూ" అని గారాలు పోయినట్టు. ఉగాది రోజు ఆ బాబు చొక్కా పట్టుకుని అడిగింది సరిగ్గా అలాగే. వ్యాకరణం తప్పలేదు వాడు. నాన్న మీద చనువు చూపించాడు.

ఆ మాటకొస్తే రాణి విక్టోరియాకి తనొక్కతే అయినా ‘వి’ అనుకునే హక్కు కిరీటంతో వచ్చింది. అది హుందాతనం అయింది. పెద్ద బళ్లలో చదివినవాళ్లు ‘ఐ’ అనకుండా ‘వన్’ అంటే అది సంస్కారం అయింది. బాయి కార్మికుడి మనవడు తన ఒక్కడి కోసం ‘ఉజ్’ అంటే మొరటు. ఒక్కరు బహువచనం వాడుకోవడంలో తేడా ఏముంది ఇక్కడ? అన్నది ఎవరు అనే తేడా ఒక్కటే.

‘యూజ్’ సంగతీ అంతే. ఎక్కువమందిని పిలవడానికి లివర్‌పూల్లో, మిడిల్స్‌బ్రోలో, న్యూకాసిల్లో పిల్లలు వాడేది. ఐరిష్ కూలీలు పొట్ట చేతబట్టుకుని ఈ ఊళ్లకు వచ్చినప్పుడు వాళ్లతో వచ్చిన మాట. 2013లో మిడిల్స్‌బ్రోలోని ఒక ప్రాథమిక పాఠశాల, ఇంట్లో పిల్లలు ఈ మాటలు అంటే సరిదిద్దండి అని తల్లిదండ్రులకు ఒక జాబితా పంపింది. అందులో ‘యూజ్’ ఉంది. కానీ ఆలోచించండి, ‘దౌ’ని పోగొట్టుకున్నాక ప్రామాణిక ఇంగ్లీషుకి ఒకరినీ పదిమందినీ విడదీసి పిలిచే దారి లేకుండా పోయింది. ఆ చిరుగుని పేదవాళ్లు కుట్టారు. నిజానికి వాళ్ల ఇంగ్లీషు ఆ ఒక్కచోట ఎక్కువ పూర్తిగా ఉంది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. మైసెల్ఫ్, యువర్‌సెల్ఫ్ అన్నప్పుడు ముందున్నది ‘నా’, ‘నీ’. అదే లెక్కన ‘హిజ్‌సెల్ఫ్’ రావాలి, ‘దెయిర్‌సెల్వ్స్’ రావాలి. యాసల్లో అలాగే ఉంది. లెక్క తప్పి ‘హిమ్‌సెల్ఫ్’ అన్నది ప్రామాణిక ఇంగ్లీషే. ఏది ఒప్పయిందో నిర్ణయించింది తర్కం కాదు. రాజధానికి ఏది దగ్గరో, డబ్బు ఎవరి దగ్గరుందో అది నిర్ణయించింది. 1476లో కాక్స్టన్ ఇంగ్లండు తొలి అచ్చుయంత్రం వెస్ట్‌మినిస్టర్లో పెట్టాడు, బార్న్‌స్లీలో కాదు.

అలాగని ఈ ఉత్తరాది మాటలు లండన్‌కి ఎక్కకుండా పోలేదు. ఈరోజు ప్రపంచమంతా వాడే ‘దే’, ‘దెమ్’, ‘దెయిర్’ పాత ఇంగ్లీషు మాటలు కావు. సముద్రం దాటి వచ్చి ఈ ఉత్తరాదిన స్థిరపడిన స్కాండినేవియా వాళ్ల భాషవి. 866లో వాళ్లు పట్టుకున్న యార్క్ నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి అవి మెల్లగా దక్షిణానికి దిగాయి. 1400లో చనిపోయిన కవి చాసర్ ‘దే’ అని రాశాడు గానీ ‘దెమ్’ బదులు ఇంకా పాత ‘హెమ్’ అనే రాశాడు. వలసవాళ్ల మాట, ఉత్తరాది యాస మాట, ఇవాళ రాజభాష. మనమూ వలసవాళ్లమే కదా. ఈ సంగతి మన పిల్లలకి చెప్పాలి.

ఒప్పు ఇంగ్లీషు పుస్తకాన్ని రాసిన మనిషి కథ కూడా ఈ ఊళ్లదే. 1795లో లిండ్లీ మర్రే వ్యాకరణం యార్క్ పక్కనే పుట్టింది. అక్కడి క్వేకర్ ఆడపిల్లల బడి కోసం రాసింది. అట్లాంటిక్‌కి రెండు వైపులా తరతరాల పిల్లలు దాన్ని వల్లెవేశారు. రాసిన మర్రే కూడా క్వేకరే, ‘దౌ’ కోసం జైళ్లకు వెళ్లినవాళ్ల వారసుడు. నాకు ఇది చాలాకాలం బాధగా ఉండేది. ఇప్పుడు ఆయన్ని నిందించాలనిపించడం లేదు. పిల్లలు నవ్వులపాలు కాకూడదని ఆయనా అనుకుని ఉంటాడు, మీలాగే.

మీ భయం నాకు తెలుసు. ఈ దేశంలో మన ఒంటి రంగే ముందు గదిలోకి వెళుతుంది. దానికి తోడు నాలుక కూడా కూలివాడి నాలుక అయితే ఇంటర్వ్యూలో ఏమవుతుందో అని మీరు వణుకుతారు. అది ఊహ కాదు. లీడ్స్‌లో రొట్టెలు చేసే కార్మికుడి కొడుకు, కవి టోనీ హారిసన్ సంగతి వినండి. స్కాలర్‌షిప్ మీద పెద్ద బడిలో చేరితే, క్లాసులో కీట్స్ పద్యం చదవబోగానే పంతులు నాలుగు మాటల దగ్గరే ఆపేశాడు, ఆ యాసతో పద్యాన్ని పాడుచేయొద్దని. నాటకంలో ఆ పిల్లాడికి దొరికింది తాగుబోతు కాపలావాడి వేషం. పెద్దయ్యాక ఆ అవమానాన్నే ఒక కవితగా రాశాడు. దాని పేరులోనే రెండు సర్వనామాలున్నాయి, వాళ్లు ఒకటి, ‘ఉజ్’ ఒకటి. మన బాబు పచ్చడి గిన్నె దగ్గర అన్న ‘ఉజ్’ అదే. వర్డ్స్‌వర్త్ కూడా ఉత్తరాది మనిషే, ఆయన ప్రాసలు ఈ యాసలో చదివితేనే పూర్తిగా కలుస్తాయని ఆ కవితలో గుర్తు చేస్తాడు హారిసన్.

నాకూ అలాంటి ఒక రోజుంది. నర్సింగు చదువుకి కోస్తాలోని ఒక పట్నానికి వెళ్లాను. మొదటి వారం క్లాసులో లేచి "సార్, నువ్వు నిన్న చెప్పినవ్ గదా" అన్నాను. మా ఇంట్లో నాయినని నువ్వు అనే అంటాం. తాతని నువ్వు అంటాం. ప్రేమలో గౌరవం ఉంటుంది, వేరే మాట అవసరం లేదు. క్లాసంతా ఘొల్లుమంది. "మీ ఇంట్లో మర్యాద నేర్పలేదా" అన్నాడాయన. ఇంట్లో! బాయిలోంచి నల్లగా ఎక్కి వచ్చి, నాకు ఫీజు కట్టిన మా నాయినని అన్నమాట అది. సినిమాల్లో మా యాస అప్పట్లో రౌడీలకీ, నవ్వించేవాళ్లకీ ఉండేది. ఆ తర్వాత మూడేళ్లు క్లాసులో నేను ఒక్క ప్రశ్న అడగలేదు. నాకు కోస్తా మాట వచ్చేసింది, మార్కులూ వచ్చాయి. ఆ మూడేళ్లలో అడగకుండా వదిలేసిన ప్రశ్నలు మాత్రం పోయాయి.

ప్రామాణిక ఇంగ్లీషు నేర్పొద్దని నేను అనడం లేదు. తప్పకుండా నేర్పండి. 2013 నుంచి ఆరో తరగతి పిల్లలకి వ్యాకరణ పరీక్ష ఉంది, అందులో ‘దోజ్ బుక్స్’ రాయాలి గానీ ‘దెమ్ బుక్స్’ రాయకూడదు. కానీ ఇక్కడి ప్రభుత్వ పాఠ్యప్రణాళిక ఏం అంటోందో చూడండి. ప్రామాణిక ఇంగ్లీషుని అవసరమైనప్పుడు, రాతలోనూ కాస్త లాంఛనమైన మాటలోనూ వాడగలగాలి అంటోంది. దానికి ఫలానా ఉచ్చారణే ఉండాలని లేదు అని కూడా అంటోంది. భోజనం దగ్గర, ఆటస్థలంలో, నాన్న చొక్కా పట్టుకుని అడిగేటప్పుడు అని ఎక్కడా లేదు. పీటర్ ట్రడ్‌గిల్ అనే భాషాశాస్త్రవేత్త లెక్కలో, బ్రిటన్‌లో పుట్టుకతో ప్రామాణిక ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు 12 నుంచి 15 శాతమే. మిగతావాళ్లందరినీ మనం తప్పు మనుషులు అందామా?

కాబట్టి నేను అడిగేది ఇది. ‘తప్పు’ అనే మాట ఇంట్లో వద్దు. "బళ్లో ఇలా రాస్తారు, వీధిలో ఇలా అంటారు, నీకు రెండూ రావాలి" అనండి. మన ఇళ్లలో తెలుగు ఒకటి, బయట ఇంగ్లీషు ఒకటి, తాతతో ఒకలా, స్నేహితుడితో ఒకలా మాట్లాడే పిల్లలు వాళ్లు. ఇంకొక గది తెరిస్తే తట్టుకోలేరని అనుకోవద్దు. ఆదివారం తెలుగు బడి నడిపేవాళ్లకి ప్రత్యేకంగా ఒక మనవి: నువ్వు, మీరు తేడా పిల్లలకి ఎక్కడం లేదని మీరంటుంటారు. పక్కింటి తాత అనే ‘దా’ని, డాక్టరుతో ఆయన అనే ‘యూ’ని పక్కపక్కన పెట్టి చెప్పండి. నేను ఒకసారి మా పాపకి అలా చెప్పాను. రెండు నిమిషాల్లో అర్థమైంది.

‘కౌన్సిల్ ఇళ్ల పిల్లలు’ అన్న మాట గురించి కూడా. ఆ ఇళ్లలో ఉన్నది ఎవరు? 1984లో సమ్మెకి దిగి ఏడాది పాటు పస్తులతో నిలబడ్డవాళ్ల పిల్లలు, మనవలు. గనికార్మికుల సంఘం కార్యాలయం ఇప్పటికీ బార్న్‌స్లీలో ఉంది. ఆఖరి లోతు బాయి, కెల్లింగ్లీ, 2015 డిసెంబరులో మూసేశారు. పని పోయింది, బాయి పోయింది, ఇక వాళ్ల చేతిలో మిగిలినవాటిలో ఈ మాట ఒకటి. నేను సింగరేణి బిడ్డని. ఆ ఇళ్ల పిల్లలతో నా బిడ్డ ఆడుకోకూడదని ఎవరైనా అంటే అది మా నాయిన ఇంటి గడప తొక్కొద్దన్నట్టే నాకు వినపడుతుంది.

వార్డులోని ఆ పెద్దాయన ఇప్పుడు లేరు. చివరి వారంలో ఇంటినుంచి ఎవరూ రాలేని రాత్రి ఒకటి వచ్చింది. నేను చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నన్ను చూసి "దాజ్ వన్ ఆఫ్ ఉజ్" అన్నారు. నువ్వు మాలో ఒకదానివి అని. ఈ దేశంలో నాకు పౌరసత్వ కాగితం తర్వాత వచ్చింది. నా లెక్కలో మాత్రం అది ఆ రాత్రే వచ్చింది. ఆ వాక్యంలో ఉన్న రెండు సర్వనామాల్లో ఒక్కటి కూడా మన పిల్లల నోట ఉండకూడదని మీరు అంటున్నారు.

ఆ బాబు వాళ్ల నాన్నగారికి చివరిగా: అన్నా, మీరు చెడ్డవారని నేను అనుకోవడం లేదు. రాత్రి డ్యూటీలు చేసి ఆ పిల్లాణ్ని పెంచుతున్నారని నాకు తెలుసు. వాడు ఈసారి ఏదైనా అడిగినప్పుడు, ఏ మాటతో అడిగినా, ముందు చేతిలో పెట్టండి. ఆ రోజు పచ్చడి ఇంకా సగం గిన్నె మిగిలే ఉంది.

ఇట్లు,
బార్న్‌స్లీ పక్క ఊళ్లో ఉండే ఒక నర్సు